బేస్ గిటార్‌కు కొత్త పికప్ కొనే ముందు

– ఒక పూర్వ విద్యార్థి, 1996 పదో తరగతి బ్యాచ్



పోయిన వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని మన హాస్టల్‌కు పాత ఆర్కెస్ట్రా సామాను కొనిచ్చిన సంగతి మీకు తెలుసు. అందులో ఒక కీబోర్డు, డ్రమ్ములు, ఒక యాంప్లిఫయర్, ఒక బేస్ గిటార్ ఉన్నాయి. మూడు నెలలు తిరక్కుండానే తమ్ముళ్ల దగ్గర నుంచి ఫోను వచ్చింది. "అన్నా, బేస్ బుయ్యిమంటోంది. పికప్ పోయిందంటున్నారు. కొత్తవి రెండూ కొనడానికి నిధిలోంచి డబ్బులిప్పించండి" అన్నారు. వాళ్లు చెప్పిన ధర వింటే ఒక పిల్లవాడికి ఏడాదికి సరిపడా నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజు వచ్చే డబ్బు. "నేను వచ్చి చూసేదాకా ఏమీ కొనకండి" అని చెప్పాను.

అలా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఐటీఐ అయ్యాక నేను కరెంటు పనులు చేసుకుంటూ పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు బేస్ వాయించేవాణ్ణి. 2003లో నా బేస్ కూడా ఇలాగే బుయ్యిమంది. ఎవరో "మంచి పికప్ వేస్తే పోతుంది" అన్నారు. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో ఖరీదైన పికప్ తెప్పించాను. అది గాడిలో పట్టలేదు. ఉలితో చెక్క తొలిచాను. పాతది పారేశాను. అంతా బిగించి ఆన్ చేస్తే మళ్లీ అదే బుయ్! తీరా చూస్తే జాక్ దగ్గర ఒక సన్నని వైరు ఊడి ఉంది. అర రూపాయి లెడ్‌తో అతికితే పోయే జబ్బు అది. అమ్మకు ఆ సంగతి చాలా కాలం చెప్పలేదు.

ఆ తప్పు మీరు చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో ఉన్నదంతా మీ పదో తరగతి భౌతిక శాస్త్రమే. భయపడనవసరం లేదు.

పికప్ అంటే ఏమిటి?

ఇళయరాజా గారి పాటలు హెడ్‌ఫోన్‌లో వింటే అడుగున ఒక లావుపాటి స్వరం పాటతో పాటు నడుస్తూ వినిపిస్తుంది. అదే బేస్ గిటార్. ఎలక్ట్రిక్ బేస్‌కు సితారకో వీణకో ఉన్నట్లు బోలు పొట్ట ఉండదు. చెక్క గట్టిగా ఉంటుంది. కాబట్టి తీగ మీటితే బయటికి పెద్దగా వినపడదు. తీగ కదలికను కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపే భాగమే పికప్.

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీద అది పనిచేస్తుంది. పికప్‌లో రెండే ముఖ్య భాగాలు. ఒకటి శాశ్వత అయస్కాంతం. రెండోది దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగచుట్ట. పైన ఉన్న ఉక్కు తీగ ఆ అయస్కాంత క్షేత్రంలో ఉండి తానూ కొద్దిగా అయస్కాంతమవుతుంది. తీగ ఊగినప్పుడు తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. అభివాహం మారితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. తీగ సెకనుకు 55 సార్లు ఊగితే కరెంటు కూడా సెకనుకు 55 సార్లు అటూ ఇటూ మారుతుంది. అంతే సూత్రం.

నాలుగు తీగల బేస్‌లో తీగల పౌనఃపున్యాలు లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఇలా ఉంటాయి: ఇ – 41 హెర్ట్జ్, ఎ – 55, డి – 73, జి – 98. ఈ అంకెలు గుర్తుంచుకోండి. కాసేపట్లో పనికొస్తాయి.

ముఖ్యమైన రకాలు

అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి తెచ్చాడు. అంతకు ముందు మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ను నిలబెట్టి వాయించేవారు. దాన్ని బండిలో ఎక్కించడమే ఒక పని. మెడకు తగిలించుకుని వాయించే బేస్ ప్రచారంలోకి వచ్చింది ఈ ప్రెసిషన్‌తోనే. నేటికీ మనకు దొరికే చాలా బేస్‌లు ఈ కింది మూడు నమూనాలలో ఏదో ఒకదానికి దగ్గరగా ఉంటాయి.

మొదటిది ప్రెసిషన్ రకం. 1957 నుంచి దీని పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క రెండు లావు తీగల కింద, రెండో ముక్క రెండు సన్న తీగల కింద, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు ఉంటాయి. శబ్దం నిండుగా, దిట్టంగా ఉంటుంది. దీన్ని పి రకం అంటారు.

రెండోది జాజ్ రకం. 1960లో వచ్చింది. ఇందులో రెండు పొడవాటి సన్నని పికప్‌లు ఉంటాయి. ఒకటి మెడ వైపు, ఒకటి బ్రిడ్జి వైపు. రెండింటికీ వేరువేరు వాల్యూమ్‌లు ఉంటాయి కాబట్టి శబ్దాన్ని కలుపుకోవచ్చు. దీన్ని జె రకం అంటారు. మన హాస్టల్ బేస్ ఈ రకందే.

మూడోది 1976లో మ్యూజిక్ మ్యాన్ సంస్థ తెచ్చిన స్టింగ్‌రే రకం. బ్రిడ్జికి దగ్గరగా ఒకే పెద్ద పికప్, దానిలో రెండు తీగచుట్టలు ఉంటాయి. లోపల బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ కూడా ఉంటుంది.

పికప్ ఉన్న చోటు కూడా శబ్దాన్ని నిర్ణయిస్తుంది. బట్టలు ఆరేసే తాడును లాగి వదలండి. మధ్యలో ఎక్కువ ఊగుతుంది, మేకు దగ్గర చాలా తక్కువ ఊగుతుంది. బేస్ తీగ కూడా అంతే. బ్రిడ్జి దగ్గర అసలు స్వరం బలం తగ్గి, పై స్వరాల పాలు ఎక్కువవుతుంది. అందుకే బ్రిడ్జి వైపు పికప్ పదునుగా, మెడ వైపు పికప్ లావుగా పలుకుతాయి. ఎంత ఖరీదైన పికప్ కొన్నా అది ఉన్న చోటు మారదు. కాబట్టి జె బేస్‌లో కొత్త పికప్ వేసి అచ్చం పి బేస్ శబ్దం రావాలంటే రాదు.

"బుయ్" ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ట్యూబ్‌లైటు చోక్, ఫ్యాను, ట్రాన్స్‌ఫార్మర్, గోడలోని వైర్లు అన్నీ తమ చుట్టూ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. పికప్‌లోని తీగచుట్టకు అది గిటార్ తీగ నుంచి వచ్చిందో, చోక్ నుంచి వచ్చిందో తెలియదు. అభివాహం మారితే కరెంటు పుట్టిస్తుంది.

బేస్ వాయించేవారికి దీనితో ఇబ్బంది మరీ ఎక్కువ. ఇ తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. హమ్ 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100 హెర్ట్జ్, మన జి తీగ 98. అంటే హమ్ సరిగ్గా మన స్వరాల మధ్యకే వచ్చి కూర్చుంటుంది. టోన్ తగ్గించినా పోదు. టోన్ పై స్వరాలను కోస్తుంది గానీ అడుగు స్వరాలను కోయదు.

దీనికి మందు గణితంలో ఉంది. పికప్‌లు రెండు ఉన్నాయనుకోండి. రెండోదాని అయస్కాంత ధ్రువాన్ని తిప్పి పెట్టి, తీగను కూడా ఎదురు దిశలో చుట్టారనుకోండి. గిటార్ తీగ వల్ల పుట్టే కరెంటు ధ్రువం మీద, చుట్టు మీద రెండింటి మీదా ఆధారపడుతుంది. రెండూ తిరిగాయి కాబట్టి మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. రెండు పికప్‌ల శబ్దాలూ కూడుకుంటాయి. హమ్‌కు మాత్రం పికప్‌లోని అయస్కాంతంతో పనిలేదు, చుట్టు దిశతోనే పని. ఒక్కటే మైనస్ కాబట్టి ఒకదాని హమ్ ఇంకోదాని హమ్‌ను కొట్టేస్తుంది. పి పికప్‌లోని రెండు ముక్కలూ, స్టింగ్‌రేలోని రెండు తీగచుట్టలూ ఇలాగే పనిచేస్తాయి. జె బేస్‌లో రెండు పికప్‌లూ సమానంగా తెరిచినప్పుడే హమ్ తగ్గుతుంది. ఒకటి మూసేస్తే మళ్లీ వస్తుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. లెక్కల మాస్టారు మైనస్ ఇంటూ మైనస్ ఎందుకు నేర్పారా అని అడిగే తమ్ముళ్లు ఈ పేరా మళ్లీ చదవగలరు.

కొనే ముందు చేయవలసిన పరీక్షలు

1. జాక్ వైరు మార్చి చూడండి. సగం జబ్బులు అక్కడే ఉంటాయి.

2. గదిలో లైట్లు, ఫోను చార్జర్లు తీసేసి చూడండి. బేస్ పట్టుకుని మీరు నిలబడిన చోటే మెల్లగా తిరగండి. ఒక దిశలో హమ్ తగ్గి, ఇంకో దిశలో పెరిగితే అది బయటి క్షేత్రం తీగచుట్టలోకి వస్తున్న హమ్.

3. తీగలను చేత్తో ముట్టుకోండి. గరగర తగ్గితే తీగల గ్రౌండ్ వైరు బాగానే ఉందని అర్థం. ముట్టుకున్నా ఏ తేడా లేకపోతే బ్రిడ్జి కింద నుంచి వచ్చే గ్రౌండ్ వైరు ఊడి ఉండవచ్చు. ముట్టుకుంటే పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారై ఉండవచ్చు.

4. వైరు పీకేసి, మల్టీమీటరు ఒక కొన బ్రిడ్జి మీద, ఇంకో కొన జాక్ గ్రౌండ్ మీద పెట్టండి. దాదాపు సున్నా ఓమ్‌లు చూపాలి.

5. మీటరును 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టి, వాల్యూమ్‌లన్నీ పూర్తిగా తెరిచి, జాక్ దగ్గర నిరోధం కొలవండి. జె రకంలో ఒక్కో పికప్ సుమారు 7 నుంచి 8 కిలో ఓమ్‌లు ఉంటుంది. రెండూ సమాంతరంగా కలుస్తాయి కాబట్టి 1/7.5 + 1/7.5 లెక్కన దాదాపు 3.75 రావాలి. వాల్యూమ్ కంట్రోళ్లు కూడా సమాంతరంగా ఉంటాయి కనుక ఇంకొంచెం తక్కువ చూపుతుంది. పి రకంలో రెండు ముక్కలు శ్రేణిలో ఉంటాయి. ఒక్కోటి 5 పైచిలుకు ఉంటే మొత్తం 10, 11 వస్తుంది. తీగచుట్ట తెగి ఉంటే మీటరు ఎడమ పక్క 1 అని చూపి ఊరుకుంటుంది. బ్యాటరీ ఉన్న బేస్‌లకు ఈ ఐదో పరీక్ష పనికిరాదు.

6. వాల్యూమ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే అది కంట్రోల్ లోపలి మురికి. పికప్‌కు సంబంధం లేదు.

7. శబ్దం నీరసంగా ఉందనేదే మీ ఫిర్యాదయితే ముందు తీగలు మార్చండి. తరువాత పికప్ ఎత్తు చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందు ఉండేలా పెట్టి మొదలుపెట్టండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగనే లాగి దాని ఊపును చెడగొడుతుంది. ఒక స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని ఇది.

ఈ ఏడూ అయ్యాక కూడా తప్పు పికప్‌లోనే అని తేలితే అప్పుడు కొత్తది కొనే మాట ఆలోచించాలి.

ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

కొలత: అన్నిటికంటే మొదటిది ఇదే. జె పికప్‌లలో బ్రిడ్జి వైపుది మెడ వైపుదాని కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పొడవు ఉండటం మామూలు. కొన్ని చవక బేస్‌లలో రెండూ ఒకే పొడవు ఉంటాయి. నలుచదరపు సబ్బు బిళ్లలాంటి పికప్‌లు ఉన్న బేస్‌లలో మూడున్నర, నాలుగు, నాలుగున్నర అంగుళాల పొడవులు ఉన్నాయి. పేరు చూసి కొనవద్దు. పాతదాన్ని విప్పి పొడవు, వెడల్పు, లోతు, స్క్రూ రంధ్రాలు స్కేలుతో కొలిచి, కాగితం మీద బొమ్మ గీసుకుని ఆ తరువాతే అడగండి. నాలుగు తీగలా, ఐదు తీగలా అన్నది కూడా చెప్పాలి.

హమ్ సంగతి: జె బేస్‌లో ఒక్కో పికప్‌లోనే రెండు తీగచుట్టలు పెట్టి హమ్‌ను కొట్టేసే రకాలు కూడా దొరుకుతాయి. ఒక్క పికప్‌తోనే వాయించేవారికి, వేదిక మీద లైట్లు ఎక్కువగా ఉండే చోట్ల ఇవి మంచివి. ధర ఎక్కువ, శబ్దం కొద్దిగా వేరుగా ఉంటుంది. ఎప్పుడూ రెండూ తెరిచే వాయించేవారికి మామూలువి చాలు.

బ్యాటరీ రకం: ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లకు 9 వోల్టుల బ్యాటరీ కావాలి. హమ్ చాలా తక్కువ. కానీ వాటికి 25 కిలో ఓమ్‌ల కంట్రోళ్లు కావాలి. మామూలు పికప్‌లకు వాడే 250 కిలో ఓమ్‌లవి వాటికి సరిపడవు. అంటే లోపలి సామానంతా మార్చాలి. బ్యాటరీ పెట్టుకోవడానికి చోటూ కావాలి. వాయించడం అయ్యాక జాక్ వైరు పీకకపోతే బ్యాటరీ అయిపోతుంది. ఇంకో మాట. బేస్‌లో బ్యాటరీ ఉన్నంత మాత్రాన పికప్ యాక్టివ్ అని అనుకోకండి. స్టింగ్‌రేలో లాగా పికప్ మామూలుదై, సర్క్యూట్ మాత్రమే బ్యాటరీతో నడవవచ్చు.

అయస్కాంతం: అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిసిన ఆల్నికో ఒక రకం. సిరామిక్ ఇంకో రకం. చవక బేస్‌లలో సిరామిక్ ఎక్కువ కనపడుతుంది కాబట్టి సిరామిక్ అంటే నాసిరకం అనే మాట పుట్టింది. అది నిజం కాదు. రెండింటిలోనూ మంచివి ఉన్నాయి. చుట్లు, అయస్కాంతం బలం, తీగ మందం అన్నీ కలిసి శబ్దాన్నిస్తాయి.

నిరోధం అంకె: "మాది 12 కిలో ఓమ్‌లు, వాళ్లది 8, కాబట్టి మాదే గట్టిది" అని అమ్మేవారు చెబుతారు. నమ్మవద్దు. నిరోధం తీగ పొడవుకు అనులోమానుపాతంలో, అడ్డుకోత వైశాల్యానికి విలోమానుపాతంలో ఉంటుందని మీరు చదివారు. చాలా పికప్‌లకు వాడే 42 నంబరు తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. 43 నంబరు 0.056. అన్నే చుట్లు సన్న తీగతో చుడితే నిరోధం పెరుగుతుంది, శబ్దం పెరగదు. పైగా రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 7.5 చూపిన పికప్ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల దగ్గర 7.9 పైన చూపుతుంది. పికప్ బలపడిందా? లేదు, ఎండ బలపడింది! ఒకే రకం, ఒకే తీగ ఉన్న పికప్‌లను పోల్చడానికే ఆ అంకె పనికొస్తుంది. ఇక చుట్లు బాగా ఎక్కువైన పికప్‌లో శబ్దం పెరిగినా పై స్వరాల తేటదనం తగ్గుతుంది.

కంట్రోళ్లు: పి, జె రకాలకు మామూలుగా 250 కిలో ఓమ్‌ల కంట్రోళ్లు, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడతారు. కెపాసిటర్ మీద 473 అని ఉంటుంది. పాతవి పనిచేస్తుంటే అవే ఉంచండి. జాక్ వైరు అనవసరంగా పొడవైనది వాడితే దాని కెపాసిటెన్స్ వల్ల కూడా శబ్దం మొద్దుబారుతుంది.

మన బేస్ సంగతి

దసరా సెలవులకు ముందు ఆదివారం నాడు హాస్టల్‌కు వచ్చాను. భోజనాల హాల్లో పేపర్లు పరిచి బేస్ విప్పాం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు పదిమంది చుట్టూ కూర్చున్నారు. పరీక్షలు వాళ్లచేతే చేయించాను.

తీగలు ముట్టుకుంటే హమ్‌లో ఏ తేడా లేదు. మీటరు పెడితే బ్రిడ్జికీ జాక్‌కూ సంబంధమే లేదు. బ్రిడ్జి విప్పితే గ్రౌండ్ వైరు తుప్పు పట్టి తెగి ఉంది. జానెడు వైరు వేసి అతికాం. సగం గోల అక్కడే పోయింది.

తరువాత జాక్ దగ్గర నిరోధం కొలిచాం. 3.7 రావాల్సిన చోట 7 చూపింది. "ఏమై ఉంటుంది?" అని అడిగాను. ఒక తమ్ముడు కాసేపు ఆలోచించి "అన్నా, సమాంతరంలో ఒకటి లేనట్టుంది" అన్నాడు. సరిగ్గా అదే. విడివిడిగా కొలిస్తే మెడ వైపుది 7.4 కిలో ఓమ్‌లు, బ్రిడ్జి వైపుది ఒట్టి 1. దాని తీగచుట్ట తెగిపోయింది. ఒక్కటే పనిచేస్తోంది కాబట్టి హమ్‌ను కొట్టేసే జత లేదు. మిగిలిన సగం గోలకు కారణం అది.

సన్న తీగ బయటి వైరుకు కలిసే చోట తెగిందేమోనని అతికి చూశాం. కాదు, లోపలెక్కడో తెగింది. ఊళ్లో పంపు మోటార్లు చుట్టే అన్నకు చూపిస్తే తీగను చూసి నవ్వాడు. "ఇది తలవెంట్రుకలా ఉంది తమ్ముడూ, నా మిషన్ మీద ఆగదు" అన్నాడు. కాబట్టి నిజంగానే కొత్తది కొనాలి. కానీ రెండు కాదు, ఒకటే.

ఇక్కడ రెండు మెలికలు వచ్చాయి. మొదటిది కొలత. బాగున్న మెడ వైపు పికప్‌ను కొలిచి అదే చాలనుకున్నాం. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు జామెట్రీ బాక్సు స్కేలుతో రెండూ కొలిచి, బ్రిడ్జి వైపుది దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువని చెప్పాడు. వాడు చెప్పకపోతే గాడిలో సందు మిగిలి, స్క్రూలు కలవక, 2003 కథే మళ్లీ జరిగేది.

రెండోది ధ్రువం. కొత్తదాని ధ్రువం మెడ వైపుదానికి ఎదురుగా ఉంటేనే హమ్ పోతుంది. సెట్‌గా అమ్మేవాటిలో నేడు చాలావరకు అలాగే చేస్తారు. విడిగా ఒకటే కొంటే అడిగి తీసుకోవాలి. మన బడి ల్యాబ్‌లోని దిక్సూచిని సార్ అనుమతితో తెచ్చాం. దాన్ని దూరం నుంచి మెల్లగా పికప్ పైకి తెచ్చాం. మరీ దగ్గరగా తెస్తే సూది ధ్రువమే తారుమారు కావచ్చు, జాగ్రత్త. సూది ఉత్తర కొన పికప్ వైపు తిరిగింది. విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి కాబట్టి పైన ఉన్నది దక్షిణ ధ్రువం. మనకు పైన ఉత్తర ధ్రువం ఉన్న బ్రిడ్జి పికప్ కావాలి. పొడవు, ధ్రువం, నాలుగు తీగలు అని కాగితం మీద రాసి పంపితే మామూలు రకం పికప్ ఒకటి వచ్చింది.

దాన్ని అతికాక రెండు వాల్యూమ్‌లూ తెరిచి వాయిస్తే శబ్దం పీలగా, అడుగు లేనట్టు వచ్చింది. తమ్ముళ్ల ముఖాలు వాడిపోయాయి. రెండు పికప్‌ల శబ్దాలూ ఎదురెదురై ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్న మాట. కొత్తదాని రెండు వైర్లను తారుమారు చేశాం. శబ్దం నిండుగా వచ్చింది. ధ్రువాలు ఎదురుగా ఉండి శబ్దాలు కూడుకుంటున్నాయంటే హమ్ తప్పనిసరిగా రద్దు కావాలి. అయింది. ట్యూబ్‌లైట్లన్నీ వేసి విన్నాం. నిశ్శబ్దం. తమ్ముళ్లు చప్పట్లు కొట్టారు.

మొదట అడిగిన డబ్బులో మూడో వంతు కూడా ఖర్చు కాలేదు. మిగిలినది నిధిలోనే ఉంది. చెక్క తొలవలేదు. పాత పికప్‌ను పారేయలేదు. దాన్ని మీ ల్యాబ్‌కు ఇచ్చాను. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం రోజు విప్పి చూడండి.

ప్రాణానికి సంబంధించిన ఒక హెచ్చరిక

హమ్ పోతుందని కొందరు యాంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేస్తారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. బేస్ తీగలు గ్రౌండ్ వైరు ద్వారా యాంప్లిఫయర్ ఒంటికి కలిసి ఉంటాయి. ఎర్త్ లేని యాంప్లిఫయర్‌లో లీకేజీ వస్తే ఆ కరెంటు మీ వేళ్ల మీద ఉంటుంది. మైకును పెదవి తాకితే అది మీ గుండె మీదుగా పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీదే, ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. మన ఊళ్లలో జనరేటర్ మీద, తడి నేల మీద కార్యక్రమాలు జరుగుతుంటాయి. మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు ఉన్నాయో లేదో చూసుకున్నాకే తీగ మీటండి. ఏ పికప్ కూడా ఎర్త్ పని చేయదు.

విప్పి అతికేటప్పుడు జాక్ వైరు పూర్తిగా పీకేయండి. మామూలు లెడ్‌లో సీసం ఉంటుంది. కిటికీలు తీసి పనిచేయండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టవద్దు.

అభ్యాసం

1. గిటార్‌కు నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ ఎందుకు పలకదు?
2. 7.4, 7.8 కిలో ఓమ్‌ల పికప్‌లు రెండు సమాంతరంగా ఉంటే మొత్తం నిరోధం ఎంత?
3. ధ్రువం ఒక్కటే తిప్పి, చుట్టు తిప్పకపోతే శబ్దం ఏమవుతుంది? హమ్ ఏమవుతుంది?
4. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడ హమ్ బేస్‌లోని ఏ రెండు తీగల మధ్యకు వస్తుంది?

జవాబులు పుస్తకంలో వెతకవద్దు. బేస్ దగ్గర కూర్చుని వెతకండి.

తమ్ముళ్లూ, మనం కొనగలిగినవి తక్కువ. అందుకే విప్పి చూడటం, కొలవటం, లెక్క కట్టడం మనకు మిగతావాళ్ల కంటే ఎక్కువగా రావాలి. "పికప్ పోయింది" అని ఎవరైనా అంటే "ఎలా తెలుసు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న నాకు 2003లో వచ్చి ఉంటే అమ్మ చీటీ డబ్బు మిగిలేది.

ఈ ఏడాది వార్షికోత్సవంలో మన బేస్ మోగుతుంది. ముందు వరసలో కూర్చుని వింటాను.  తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.